వరసలో వెనక

మా నాన్న తెనాలి మున్సిపాలిటీలో మూడుసార్లు కౌన్సిలరు. మా వార్డులో ఆయన కుళాయి వేయించని వీధి లేదని ఊరు చెప్పుకునేది. ఒక్క మా వీధి తప్ప.

"ముందు మనింటి ముందే వేయించుకుంటే జనం మొహాన ఉమ్మేస్తారు," అనేవాడు. ఏ జాబితా రాసినా మా వీధిని అట్టడుగుకు నెట్టేవాడు. అట్టడుగు దాకా పనులు ఏ ఏడూ రాలేదు.

మా బావి నీళ్ళు ఉప్పన, వాటితో పప్పు ఉడకదు. రేపల్లెలో తియ్యటి నీళ్ళు తాగి పెరిగిన అమ్మ, తెల్లారగానే బిందె చంకనెత్తుకుని పక్క వీధి కుళాయికి వెళ్ళేది. అక్కడా నాన్న ఆజ్ఞే. కౌన్సిలరు పెళ్ళాం అందరికన్నా వెనక నిలబడాలి, తన తరవాత వచ్చినవాళ్ళని కూడా ముందుకు పంపాలి. చాలాసార్లు అమ్మ వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. ఖాళీ బిందెతో వచ్చి, మళ్ళీ సాయంత్రం వెళ్ళేది.

ఊళ్ళో నాన్నని అందరూ నిప్పులాంటి మనిషి అనేవాళ్ళు. ఆ పేరంతా అమ్మ నడుం మీద సంపాదించిందే. నాకా కోపం ఈనాటికీ తగ్గలేదు.

నేను బాపట్లలో చదువుకునే రోజుల్లో, ఒక వేసవిలో అమ్మ ఆ కుళాయి దగ్గర పాచి మీద జారి పడింది. చెయ్యి విరిగి పిండికట్టు వేశారు. నేను ఇంటికొచ్చి బిందె తీయబోతే, "నువ్వుండవే," అని నాన్న వైపు తిరిగింది. "ఈ పూట మీరు వెళ్ళండి." అమ్మ ఆయనకు పని చెప్పడం నేను వినడం అదే మొదలు.

నాన్న వెళ్ళాడు, వెనక నేనూ వెళ్ళాను. ఆయన వరస చివరే నిలబడ్డాడు, కాదనను. ఇంతలో ఒకావిడ చూసింది.

"అయ్యో, మీరు రావడమేంటండి బాబాయిగారూ. ముందు మీరు పట్టుకోండి."

వరసంతా పక్కకు జరిగింది. ఇంకొకామె సగం నిండిన తన బిందెను కూడా తీసేసింది. నాన్న వద్దంటాడని చూశాను. "సరేనమ్మా," అని బిందె పెట్టాడు.

ఇంటికొచ్చి బిందె దించి, అమ్మ మంచం దగ్గర నిలబడ్డాడు.

"పది నిమిషాలు పట్టలేదు. దీనికా నువ్వు రోజూ పొద్దెక్కిందాకా చేసేదానివి?"

అమ్మ ఆయన్ని దాటి నా వైపు చూసింది. నన్నడిగింది, "మీ నాన్నని ముందుకు పంపారా?" అని.

"పంపారమ్మా," అన్నాను.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.