సాంచాలు ఆపిన ఇల్లు

లవంగం వాసన తగిలితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మనిషి గుర్తుకొస్తుంది. మొన్న కరీంనగర్‌లో నేను పనిచేసే గుండె ఆసుపత్రిలో ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, బుగ్గన లవంగం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళబోతున్న మనిషి. మనసెలా ఉందని అడిగితే, గోడకేసి చూస్తూ "ఏం లేదమ్మా, అంత మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ వాసనా, ఆ మాటా ఒక్కసారే తగిలేసరికి డాక్టర్ విమలమ్మ నా భుజం వెనక నిలబడి "రాసినవా? గదే రాసినవా?" అని విసుక్కుంటున్నట్టు అనిపించింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె మీద నా చిరాకు మాత్రం ఇంకా పోలేదు.

విమలమ్మను చూడనివాళ్ళకు ఆమెను ఎలా చెప్పాలో తెలియదు. జగిత్యాల పెద్ద దవాఖానలో డాక్టరు. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ బీపీ మిషను పెట్టె, నోట్లో ఎప్పుడూ లవంగం. పట్నంలోని ఒక వైద్య కళాశాల వాళ్ళు ఒక పరిశోధన మొదలుపెట్టి, మా ప్రాంతపు భాగం ఆమెకు అప్పగించారు. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళ మనసు మీద ఎంత ఒత్తిడి ఉంది, ఆ ఒత్తిడి వాళ్ళ జ్ఞాపకశక్తిని, ఆలోచనను ఎంత దెబ్బ తీస్తోంది, అది తిరిగి గుండెకు ఏం చేస్తోంది, ఇదీ విషయం. గుండెకూ మెదడుకూ లంకె ఏమిటని తోటి డాక్టర్లే నవ్వే రోజులు. నేను కోరుట్ల పిల్లను, మనస్తత్వశాస్త్రం చదివి ఖాళీగా ఉన్నాను. ఆ ఉద్యోగం దొరికినందుకు మురిసిపోయాను. ఆ మురిపెం వారం కూడా నిలవలేదు.

మొదటి పేచీ జీపు గురించి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల రోగులను ఇంటికి వెళ్ళి చూడాలి. పట్నం వాళ్ళు జీపు ఇస్తామన్నారు. ఆమె వద్దంది. ఎండలో బస్సు కోసం నిలబడి నిలబడి ఒకరోజు అడిగేశాను, ఎందుకు వద్దన్నారని.

"జీపుల దిగితే ఊరోళ్ళు పోలీసోళ్ళనుకుంటరు. జీపు తిరుగుతున్నదని అన్నలకు ఎరుకైతే వాళ్ళేమనుకుంటరో. బస్సుల పోతే డాక్టరమ్మ అచ్చిందంటరు. నీకు కాళ్ళు గుంజుతే కూసో, బస్సు నన్నడిగి రాదు కద," అంది.

ఆమె చెప్పింది నిజమే. రాత్రుళ్ళు నక్సలైట్ల దళాలు, పగళ్ళు పోలీసులు తిరిగే ఊళ్ళవి. కానీ నిజం చెప్పేవాళ్ళు కాస్త మెత్తగా చెప్తే ఏం పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. బీపీ చూడటంలోనూ అంతే. రోగి కూర్చోవాలి, కాళ్ళు నేల మీద ఆనాలి, కాసేపు ఎవరూ నోరెత్తకూడదు, అప్పుడు చూడాలి. నేను తొందరపడినట్టు కనిపెడితే రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదటినుంచి చేయించేది. రోగులు కూడా నా వంక జాలిగా చూసేవారు.

అసలు తలనొప్పి ప్రశ్నలది. పట్నం నుంచి అచ్చు వేసి పంపారు. అందులో ఒకటి, గత కొద్ది నెలల్లో మీకు భయం కలిగించిన వ్యక్తులు, సంఘటనలు చెప్పండి అని. ఎవరు రాశారో గానీ, ఆ మనిషి మా వైపు ఒక్క రాత్రి నిద్ర చేసి ఉండడు. మల్లాపూర్ దగ్గరి ఊళ్ళో ఎల్లాగౌడ్ అనే కల్లుగీత పెద్దాయనను నేనే అడిగాను. ఆయన ముందు తలుపు వైపు చూశాడు, తర్వాత భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నాకెవలతోని భయం బిడ్డా? అందరు మంచోళ్ళే."

"అందరూ అంటే ఎవరు?"

"అందరంటే అందరే."

అందరూ ఇదే చెప్పారు. ఊరి పటేలూ చెప్పాడు, కొడుకు జైల్లో ఉన్న తల్లీ చెప్పింది. భయం లేదు, దిగులు లేదు, నిద్ర బాగా పడుతుంది. నేను నింపిన కాగితాల ప్రకారం మా ప్రాంతమంత ప్రశాంతమైన చోటు భూమ్మీద ఇంకోటి లేదు. అవన్నీ విమలమ్మ ముందు పెడితే, లవంగం పటుక్కున కొరికింది.

"ఆయన చెప్పిందే రాశాను మేడమ్," అన్నాను నేను ముందే.

"ఆయన చెప్పింది గాదు, ఆయన తప్పిచ్చుకున్నది రాసినవ్."

"మరి ఎలా అడగాలి?"

"నాకు తెలిస్తే నేనే అడుగుదు," అంది. ఇలాంటి పెద్దమనిషి దగ్గర ఎలా పనిచేయాలో మీరే చెప్పండి.

సిరిసిల్లలో రాజేశం ఆమె చూసిన రోగుల్లో ఒకడు. నాలుగు సాంచాలున్న చిన్న ఆసామి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ముందు గదిలో అవి టకటకమంటూ ఆడుతుంటాయి, వెనక గదుల్లో సంసారం. ఆ వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే కేకేయాలి, అక్కడి మనుషులకు అదే మామూలు. రాజేశంకు గుండెపోటు వచ్చి, గండం గడిచి ఇంటికి వెళ్ళేటప్పుడు విమలమ్మే అతని భార్య నర్సవ్వకు గట్టిగా చెప్పింది, "మనిషి నిమ్మళంగ ఉండాలె. ఇంట్ల సప్పుడు గిట్ల లేకుంట జూడుండ్రి" అని. నర్సవ్వ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. సాంచాలు ఆపించింది, పనివాళ్ళను వేరే చోటికి పంపింది, చూడవచ్చిన చుట్టాలను గుమ్మంలోనే ఆపి గుసగుసగా మాట్లాడి పంపింది.

రాజేశం మాత్రం రోజురోజుకూ దిగజారాడు. నిద్ర లేదు. అన్నం ముందు పెడితే తినడం మరిచిపోయేవాడు. పొద్దున లేవగానే ఒకటే ప్రశ్న, "ఎవలు పోయిండ్రు?" ఎవరూ పోలేదని చెప్తే ఊరుకుని, మధ్యాహ్నం మళ్ళీ అదే. నేను జ్ఞాపకశక్తి పరీక్ష చేశాను. కొన్ని మాటలు చెప్పి కాసేపాగి అడిగితే ఒక్కటీ తిరిగి చెప్పలేదు. ఈ రోజు ఏ వారమంటే, నా ముఖంలోకి తేరిపార చూసి "నువ్వన్న చెప్పు బిడ్డా, ఎవలు పోయిండ్రు?" అన్నాడు. పరీక్ష లెక్కల్లో అది బాగా దెబ్బతిన్న మెదడు కిందికే వస్తుంది.

అతని తమ్ముడు వెంకటేశం వాకిట్లో నన్ను ఆపాడు. "దిమాక్ ఖరాబైంది మేడం. పిచ్చి దవాఖానకు తీస్కపోతం, పట్నంల మాట్లాడినం. మీ కాగితం ఒకటిస్తే చేర్చుకుంటరంట." నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇంకా మానని గుండెతో మనిషిని అంత దూరం తీసుకెళ్ళి, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య గదిలో పెడితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. విమలమ్మ కాగితం ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. మళ్ళీ వస్తానంది. బస్సులో నేను అడిగినదానికి జవాబు కూడా చెప్పలేదు. ఆ కుటుంబం గడియ గడియా లెక్కపెట్టుకుంటూ బతుకుతుంటే ఈవిడ తాపీగా కిటికీలోంచి పొలాలు చూస్తోందని నాకు ఒళ్ళు మండింది.

మళ్ళీ వెళ్ళిన రోజు బస్సు దిగి వీధిలోకి తిరిగేసరికి ఏదో తేడాగా అనిపించింది. వీధి మొత్తం నిశ్శబ్దం. ఏ ఇంట్లోనూ సాంచా ఆడటం లేదు. ఒకామె చేతికంటిన పిండి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి పక్కింటామెను అడిగింది, "ఎవలు పోయిండ్రు?" చాయ్ దుకాణం అతను పొయ్యి దగ్గర్నుంచే అడిగాడు, "ఎవలు పోయిండ్రే?" సైకిలు మీద వెళ్తున్న మనిషి ఒక కాలు కింద ఆనించి అదే అడిగాడు. వీధి చివర ఒక ముసలాయన కాలం చేశాడట. శవం లేచేదాకా ఎవరూ సాంచా ఆడించరు, అక్కడి పద్ధతి అది.

విమలమ్మ వీధి మధ్యలో ఆగిపోయింది. పెట్టె నా చేతికిచ్చి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"పద్మా, వీళ్ళందరికి గూడ దిమాక్ ఖరాబైందానే?"

నేను గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళ వంక చూశాను.

"సప్పుడు లేకుంట జూడుమని నేనే చెప్తిని. దీనంత బుద్ధిలేని మాట నా సర్వీసుల చెప్పలే," అని గబగబా నడిచింది.

రాజేశం మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. ఆమె పీట లాక్కుని పక్కన కూర్చుంది. "ఎవలు పోయిండ్రనుకుంటున్నవ్ రాజేశం?" అని అడిగింది. ఇన్ని రోజుల్లో అతణ్ణి ఆ ప్రశ్న ఎవరూ తిరిగి అడగలేదు.

"మా శంకర్."

శంకర్ అతని ఒక్కగానొక్క కొడుకు. దళంలోకి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. పోలీసుల భయానికి ఆ ఇంట్లో వాడి పేరే పలకడం మానేశారు. నేను అంతవరకూ వినలేదు.

"దినాం లేస్తే సాంచలు బందే ఉంటున్నయి. చుట్టాలస్తున్నరు, సాటుంగ మాట్లాడుకుంటున్నరు. అడిగితె ఏం లేదంటరు. కొడుకు పోకుంటె ఇంటిల్లిపాది గిట్లెందుకు జేస్తరమ్మా? నా గుండె ఆగుతదని దాస్తున్నరు."

నర్సవ్వ గడప మీద కూలబడి ఏడ్చింది. విమలమ్మ ఆమె వైపు తిరిగి, వాడి కబురేమైనా ఉందా అని అడిగింది. లేదని తలూపింది. అప్పుడు విమలమ్మ రాజేశంకు చెప్పింది, "సచ్చిండని ఎవలకు తెల్వదు. బతికున్నడని గూడ తెల్వదు. నీకెంత తెలుసో వీళ్ళకు గంతే తెలుసు. తెల్సిననాడు దాయరు, నేను దాయనియ్య. ఒట్టు." ఓదార్పు మాట ఒక్కటి కలపలేదు. కనీసం వస్తాడులే అని ఒక్క మాట అనొచ్చు కదా అని నా ప్రాణం కొట్టుకుంది. రాజేశం మాత్రం చాలా సేపు ఏడ్చి, మంచినీళ్ళడిగి తాగాడు.

సాయంత్రం శవం లేచాక ఆమె దగ్గరుండి వెంకటేశం చేత సాంచాలు పెట్టించింది. ఆ హోరులో నా చెవులు గింగురుమంటుంటే, రాజేశం గోడ వైపు తిరిగి నిద్రపోయాడు. తర్వాతి నెలల్లో చేసిన పరీక్షల్లో మాటలు తిరిగి చెప్పాడు, వారం చెప్పాడు, నేను తప్పుగా రాసుకున్న వాళ్ళమ్మ పేరు కూడా దిద్దించాడు. పిచ్చాసుపత్రి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె అచ్చు ప్రశ్నలు పక్కన పెట్టింది. పడుకున్నాక మీ చెవి దేని మీద ఉంటుంది అని అడగమంది. ఎల్లాగౌడ్ వెంటనే చెప్పాడు, "కుక్కల మీద బిడ్డా. మొరిగితె ఎవలో అచ్చినట్టు. మొరగకుంటె ఎందుకు మొరుగుతలేవని." ఎవరి పేరూ చెప్పనక్కరలేదు, ఎవరికీ ప్రమాదం లేదు, భయం మాత్రం బయటికి వచ్చింది. పట్నం పెద్ద ప్రొఫెసరు ఇవేవీ ఒప్పుకోలేదు. ప్రశ్నలు మార్చారు, రాజేశం ఇంట్లో మీరే కల్పించుకున్నారు, ఇది వైద్యమే గాని పరిశోధన కాదు అన్నాడు. "ఔ సార్, నేను డాక్టర్ని," అని చెప్పి వచ్చేసింది. పరిశోధన అచ్చయినప్పుడు మా కాగితాలు అందులో లేవు. ఒక్క మెట్టు దిగి సర్దిచెప్పి ఉంటే మిగిలేవని నేను ఇప్పటికీ అంటాను.

శంకర్ కబురు ఆ మరుసటి ఎండాకాలం వచ్చింది. ఎన్‌కౌంటర్. వెంకటేశం వెళ్ళి శవాన్ని చూసి, అటునుంచి అటే జగిత్యాల వచ్చాడు. అన్నకు చెప్పలేనన్నాడు. నేను కూడా ఆమెను బతిమాలాను, కొన్నాళ్ళు ఆగుదాం, గుండె కాస్త గట్టిపడనివ్వండి అని. "ఒట్టు బెట్టింది నువ్వా, నేనా?" అని పెట్టె సర్దుకుంది.

ఆమె మంచం పక్కన కూర్చుంది, రాజేశం మణికట్టు పట్టుకుంది, రెండు ముక్కల్లో చెప్పింది. అతను వెంకటేశం ముఖంలోకి చూశాడు. వాడు తల దించుకున్నాడు. నేను సూది మందు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రాజేశం సాంచాల హోరులో వినబడేలా కేకేసి తమ్ముడితో అన్నాడు, "ఇగ బంద్ జెయ్."

నాలుగూ ఆగాయి. కాసేపటికి పక్కింటామె వాకిట్లోకి వచ్చి అడిగింది, "ఎవలు పోయిండ్రు?" పోలీసుల భయంతో ఇంట్లో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రాజేశమే మంచం మీంచి గట్టిగా చెప్పాడు.

"నా కొడుకు శంకర్ పోయిండు."

ఒక్కొక్క ఇంట్లో సాంచాలు ఆగుతూ పోయాయి. విమలమ్మ అతని చేయి వదల్లేదు. చివరి బస్సు వెళ్ళిపోతుందని నేను సైగ చేస్తే కసిరింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. రాజేశం గుండె ఆగలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే. చెప్పడానికి మనసొప్పని నిజమైనా దాచకుండా రోగికి చెప్తాను. చెప్పాక కుర్చీలోంచి లేవను. బయట జనం పెరుగుతుంటారు, నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్తుంది, ఎదురుగా ఉన్న మనిషి ఏమీ మాట్లాడడు. నాకు పట్టరాని విసుగు వస్తుంది. అయినా లేవను.