పెన్న మోసుకుపోయిన పెండ్లి సీసాలు

అలీ అహ్మద్‌తో కలిసి ప్రొద్దుటూరు బజారులో టీ తాగడం తలనొప్పి వ్యవహారం. అంగడివాడు కాగితం కప్పు అందిస్తాడు. ఈయన టీ తాగేసి, కప్పు లోపలి అంచును గోరుతో గీకి, పైకి లేచిన సన్నటి పొరను నలుగురికీ చూపిస్తాడు.

"ఇది కాగితమాప్పా? సరిగ్గా చూడు. ప్లాస్టిక్కు. ఇది ఈడ్నించి యాడికి పోతాదో తెల్సునా నీకు?"

అంగడివాడికి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. వెనక పదిమంది టీ కోసం నిలబడి ఉంటారు.

నేను ఆయన పక్కింటివాణ్ణి. పేరు జీవరత్నం. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెన్న నంది కొండల్లో పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని కొన్ని వేలమంది పిల్లల చేత వల్లె వేయించాను. ఆ నది తనతో పాటు ఏం తీసుకుపోతుందని ఒక్క పిల్లవాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అలీ అహ్మద్ పదకొండేళ్ళు కువైట్‌లో పనిచేశాడు. డ్రైవరు పని అని చెప్పి తీసుకుపోయిన ఏజెంటు, తీరా దిగాక ఒక క్లీనింగ్ కంపెనీలో వదిలేశాడు. ఆ కంపెనీ ఈయన్ని సముద్రం ఒడ్డుకు పంపింది. పొద్దు పొడవకముందే లేచి, ఇనుప పట్టకారుతో ఒడ్డు పొడవునా చెత్త ఏరి సంచుల్లో నింపడమే పని. "మన రాయలసీమలో పుట్టి, విమానమెక్కి పోయి, సముద్రం కసువు ఎత్తినా సారూ" అనేవాడు.

మొదటి రెండేళ్ళు ఆయన ఓడలవాళ్ళను తిట్టుకున్నాడు. అంత పెద్ద ఓడలు పెట్టుకుని, చెత్త వేసుకోవడానికి ఒక మూల దొరకలేదా వీళ్ళకని. మూడో ఏడు ఒక పెద్ద వాన కురిసింది. మరునాడు సూపర్‌వైజరు, ఒక మలయాళీ ముసలాయన, ఈయన్ని ఊరి కాలువ సముద్రంలో పడే చోటికి తీసుకుపోయాడు. ఆ గొట్టంలోంచి కప్పులు, మూతలు, కవర్లు, చెప్పులు గుంపులు గుంపులుగా వచ్చి పడుతున్నాయట.

"సముద్రంలో అంగడి లేదు అలీ" అన్నాడట ఆ ముసలాయన. "ఈ ఒడ్డున దొరికేదంతా ఎవరో ఒకరు ఊళ్ళో కొన్నదే."

ఆ తర్వాత ఈయన ఏరిన ప్రతిదాన్నీ చూడడం మొదలుపెట్టాడు. తెగిన వలలు, తాళ్ళు చేపల పడవలవి. స్పూన్లు, చిప్స్ కవర్లు షికారుకు వచ్చినవాళ్ళు వదిలినవి. ఓడల నుంచి వచ్చేవీ కొన్ని ఉన్నాయి. కానీ ఎక్కువ భాగం కాలువల్లోంచి, ఎక్కడో సముద్రం కనపడని వీధుల నుంచి వచ్చినవే.

మూడేళ్ళ క్రితం ఇంటికి తిరిగొచ్చాడు. మా వీధికి పెన్న ఒడ్డు దగ్గరే. వచ్చిన మరునాడు పొద్దున్నే వాకింగ్ అని వంతెన దాకా పోయి, అరగంటలో తిరిగొచ్చి, మా గుమ్మంలో కూలబడ్డాడు.

"సారూ, నేను కువైట్లో ఏరిందంతా ఈడ పెన్నలో పడుండాది."

అప్పటి నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు, మాకూ లేదు. మున్సిపాలిటీలో అర్జీలు పెట్టాడు. వంతెన మీద స్కూటర్ ఆపి కోళ్ళ అంగడి చెత్త సంచి విసిరేవాడి చెయ్యి పట్టుకుని తన్నులు తినబోయాడు. ఎవరికి చెప్పినా ఒకటే జవాబు: "పెన్నలో నీళ్ళే లేకపాయ. సముద్రం యాడుండాది, మనం యాడుండాము?" ఆ మాట నిజమే. ఏడాదిలో ఎక్కువ నెలలు మా పెన్న ఇసుకే. చెత్త ఆ ఇసుక మీద హాయిగా పడుకుని వరద కోసం ఎదురుచూస్తుంది.

ఆయన భార్య ఇష్రత్ మాత్రం విసుక్కునేది. "అజీ, ఆడ కంపెనీవోళ్ళు జీతమిచ్చి ఎత్తిపిచ్చినారు. ఈడ ఎవురు పెట్టుకున్నారని మిమ్మల్ని?"

ఇంతలో పెండ్లి వచ్చింది. అలీ అహ్మద్ అక్క అజ్మత్ బీ జమ్మలమడుగులో ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మొయిన్‌కు పులివెందుల సంబంధం కుదిరింది. పెండ్లికూతురు పేరు ఇరమ్, ఆమె తండ్రి గఫూర్. తండ్రి లేని పిల్లవాడి పెండ్లికి మేనమామే పెద్ద. అందుకని శుభలేఖ కింద అలీ అహ్మద్ ఫోన్ నంబరు వేయించారు.

నీళ్ళ దగ్గర మొదటి గొడవ జరిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆపా, కుండల్లో నీళ్ళు పెడ్దాం. స్టీలు గ్లాసులు నేను తెస్తా" అన్నాడు ఈయన అక్కతో.

అజ్మత్ బీ తల కొట్టుకుంది. "పులివెందుల్నించి ఐదు బస్సుల్లో వస్తాండారు! వాళ్ళకు గ్లాసులు కడిగి ఇచ్చేదా? నవ్వుతారు తమ్ముడూ. ఇప్పుడందరూ పేర్లేసిన సీసాలు పెడ్తాండారు."

ఈయన ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. చిన్న నీళ్ళ సీసాలు, చుట్టూ గులాబీ రంగు లేబులు, దాని మీద పూలతీగ, మధ్యలో మొయిన్, ఇరమ్ పేర్లు. ప్రింటు చేసినవాడికి శుభలేఖ ఇచ్చి ఇలాగే వేయమన్నారు. వాడు అలాగే వేశాడు. మేనమామ ఫోన్ నంబరుతో సహా.

పెండ్లి జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డునున్న ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. బిర్యానీ బాగా కుదిరింది. మధ్యాహ్నానికి హాలు వెనక ప్లేట్లు, కప్పులు, సీసాలు మోకాలెత్తు పేరుకున్నాయి. అలీ అహ్మద్ మేనేజరును పట్టుకుని ఇదంతా ఎక్కడికి పోతుందని అడిగాడు. "మున్సిపాలిటీ బండి వస్తాది భాయ్, మీరు పోయి బంధువుల్ని చూసుకోండి" అన్నాడు మేనేజరు. అప్పుడే పెండ్లికూతురి తరపువాళ్ళు పిలిచారు. ఈయన వెళ్ళిపోయాడు. ఆ ఒక్కసారి ఎందుకు నమ్మానా అని తర్వాత చాలాసార్లు తనను తానే తిట్టుకున్నాడు.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. జమ్మలమడుగు పైనున్న మైలవరం డ్యాం గేట్లు ఎత్తారు. పెన్న రెండు ఒడ్లూ తాకుతూ నాలుగు రోజులు పారింది. ఊరంతా వంతెన మీద చేరి సెల్ఫీలు తీసుకుంది. ఆ తర్వాత రెండు వారాలకు, మేమిద్దరం మా అరుగు మీద కూర్చునుండగా ఆయన ఫోను మోగింది. స్పీకరు ఆన్ చేశాడు.

"హలో, మొయిన్, ఇరమ్ వాళ్ళేనా?"

"వాళ్ళ మేనమామను. ఎవురు మీరు?"

"నేను పోలయ్యని సామీ. నెల్లూరు అవతల, పెన్న సముద్రంలో కలిసేకాడ మా పల్లె. మీ పెళ్ళి నీళ్ళ సీసాలు మా వలలో పడుండాయి. లేబులు మీద నంబరుంటే చేసినా. పెళ్ళి యాడ చేసినారు?"

అలీ అహ్మద్ ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. "జమ్మలమడుగు" అన్నాడు.

"అదెక్కడుండాది?"

"పెన్న పైన. మైలవరం డ్యాం కింద."

"అబ్బో, అంత దూరం నుంచా!" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు పోలయ్య. "తిడదామనే ఫోన్ చేసినా సామీ. మూడు దినాలుగా వల లాగితే చేపల కంటే కసువే ఎక్కువొస్తా ఉంది. పెద్దాయన మాదిరుండారు, ఏం తిడతాం? పిల్లలు బాగుండారా?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పలకరింపుకు ఈయన మొహం ఎర్రబడిపోయింది. వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నాచు, విరిగిన కొమ్మలు, చెప్పులు, మందుల సీసాలు, ఇంకా ఎన్ని ఊళ్ళవో కవర్లు. వాటి మధ్య రంగు వెలిసిన గులాబీ లేబులు.

"మధ్యలో సోమశిల డ్యాం కట్ట అడ్డముంది గదా భాయ్" అన్నాను నేను, సోషల్ సారును కాబట్టి.

"గేట్లెత్తలేదా సారూ? నీళ్ళు పోయిన దారినే ఇదీ పాయ." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పదకొండేండ్లు ఎవురెవురినో తిట్టుకుంటా ఎత్తినా. ఇప్పుడు నా నంబరే సముద్రంలో తేలె."

ముందు పులివెందులకు ఫోను చేసి వియ్యంకుడు గఫూర్‌కు సంగతి చెప్పాడు. గఫూర్ సంబరపడిపోయాడు. "మా పాప పేరు సముద్రం దాకా పాయనా భాయ్! ఆ ఫోటో నాకు పంపీ!" అలీ అహ్మద్ ఫోను కట్ చేసి గోడకు తల ఆనించుకున్నాడు.

మరునాడు ఇద్దరం జమ్మలమడుగు పోయాం. మేనేజరు కొంచెమైనా జంకలేదు.

"నదిలో ఎందుకేస్తాం భాయ్? ఒడ్డున ఏసినాం. నదే వచ్చి ఎత్తుకపాయ. దానికి మేమేం చేసేది?"

ట్రాక్టరు తోలే శివ పక్కనే ఉన్నాడు. అతను ఉన్నమాట చెప్పేశాడు. "డంపింగ్ యార్డు తొమ్మిది కిలోమీటర్లు మామా. వీళ్ళు పోసే డీజిలుకు ట్రాక్టరు ఈ ఒడ్డు దాకనే పోతాది."

అలీ అహ్మద్ అరిచాడు. మేనేజరు అరిచాడు. ఏమీ తేలలేదు. అప్పుడు ఈయన అక్క ఇంటికి పోయి, ఆమెను ఆటోలో ఎక్కించుకుని ఒడ్డుకు తీసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని మెల్లగా దిగింది అజ్మత్ బీ. వరద తగ్గిపోయాక ఒడ్డునున్న ముళ్ళకంపలన్నీ కవర్లు కట్టుకుని నిలబడి ఉన్నాయి. ఒక కొమ్మకు మూడు గులాబీ సీసాలు ఇరుక్కుని ఉన్నాయి. పక్కనే పంది పడుకుని ఉంది.

ఆమె కర్రతో ఒక సీసాను తన వైపు తిప్పి చూసింది.

"నా కొడుకు పేరు కంపలో యాలాడతాంది" అంది.

ఆ ఆదివారం హాలులో ఇంకో పెండ్లి ఉంది. భోజనాలయ్యే వేళకు అజ్మత్ బీ వచ్చి వెనక గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు. "ఈ పొద్దు కసువు యార్డుకు పోతాది. నేను కూడా పోయి చూస్తా. డీజిలు పోపిచ్చు" అంది. పెండ్లివాళ్ళు గుమిగూడుతుంటే మేనేజరుకు దారి లేకపోయింది. శివ ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాడు. బురఖాతో, కర్రతో, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని తొమ్మిది కిలోమీటర్లు పోయిందామె. వెనక స్కూటరు మీద అలీ అహ్మద్, ఆయన వెనక నేను. కవర్లు ఎగిరొచ్చి మా మొహాలకు తగులుతున్నాయి.

యార్డు అంటే గోడ, గేటు ఏవో ఉంటాయనుకున్నాం. ఏమీ లేవు. ఒక కుప్ప, చుట్టూ కుక్కలు. గాలికి సగం చెత్త పక్కనున్న వంకలోకి దొర్లుతోంది.

"ఈ వంక యాడికి పోతాదప్పా?" అని అడిగింది అజ్మత్ బీ.

శివ తల గోక్కున్నాడు. "యాడికేముందమ్మా? పెన్నలోకే."

అలీ అహ్మద్ స్కూటరు స్టాండు వేసి నేల మీదే కూర్చున్నాడు. అజ్మత్ బీకి మాత్రం కోపం ఆగలేదు. "నువ్వు లెయ్ తమ్ముడూ. యాడ పారేసినా ఆడికే పోయేటట్లుంటే ఆ సీసాలు కొనేది ఎందుకు? స్టీలు గ్లాసులు తీస్కరా. నాలుగొందలు."

ఆ గ్లాసులు ఇప్పుడు ఆమె ఇంట్లో రెండు బీరువాల్లో ఉన్నాయి. బాడుగ లేదు, అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుంది. మొదటి నెల ఎవరూ అడగలేదు. తర్వాత మసీదు వీధిలో ఒక అఖీఖాకు, పుట్టిన బిడ్డకు చేసే విందుకు, పట్టుకుపోయారు. ఆ తర్వాత మా చర్చిలో ఒక పెండ్లికి నేనే అడిగి తెచ్చాను. హాలు మేనేజరు ఇప్పుడు చెత్తను యార్డుకే పంపుతున్నాడు, ఆమె వీధిలో కనిపించిన వారాల్లో. వంకకు కంచె వేయమని అలీ అహ్మద్ పెట్టిన అర్జీ ఏదో టేబులు మీద ఉందట.

మొన్న దువ్వూరు నుంచి ఒక పెండ్లివాళ్ళు గ్లాసులు తిరిగి తెచ్చారు. మేమిద్దరం ఆ రోజు అజ్మత్ బీ ఇంట్లోనే ఉన్నాం. వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. "శుభ్రంగా కడిగించినాం భాయ్, దుమ్ము పడకూడదని జాగ్రత్త చేసినాం" అంటూ గోతాలు విప్పాడు.

నాలుగు వందల గ్లాసులు. ఒక్కో గ్లాసుకు ఒక్కో కొత్త ప్లాస్టిక్ కవరు, దారంతో మూతి కట్టి ఉంది.

అలీ అహ్మద్ ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయనకు టీ ఇచ్చి పంపాక, నేల మీద చాప పరిచి, ఒక్కో ముడి విప్పి, ఒక్కో కవరూ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మీరు నవ్వాకండి సారూ" అన్నాడు తలెత్తకుండా. "ఈడ కూసోని మీరు కూడా విప్పండి."