శాలువా బందోబస్తు

రిటైరవడానికి ఏడాది ముందు, జహీరాబాద్‌లో ఎస్సైగా ఉండగా, ఒక ఫంక్షన్ హాల్లో సాయంత్రం బందోబస్తు నాకు పడింది. యువజన సంఘం వార్షికోత్సవం. సన్మానాలయ్యాక హైదరాబాద్ నుంచి వచ్చిన వినయ్ అనే కుర్రాడు మైకు పట్టుకొని ఒక్కడే నిలబడి జనాన్ని నవ్విస్తాడట. నవ్వులకు పోలీసులెందుకని మా ఆవిడ అడిగింది. ఎవరి మీద నవ్వుతారో ముందే తెలియదు కదా మరి!

బందోబస్తులో మొదట చూసుకోవాల్సింది వేదిక వెనక దారి. తర్వాత, పెద్ద గొంతున్నవాళ్లు ఎక్కడ కూర్చున్నారన్నది. వాళ్లు ముందు వరుసలోనే, వార్డు నాయకుడు బస్వరాజ్ చుట్టూ ఉన్నారు. కుర్రాడు నోరు తెరవగానే ఈలలు, కేకలు. "జోకెయ్, లేకుంటే దిగు!" అని ఒకటే గోల.

అతను తట్టుకున్నాడు. వెనక బస్వరాజ్ దండం పెడుతున్న ఫ్లెక్సీ వైపు తిరిగి, "బస్వన్న దండం పెట్టని గోడే లేదు మీ ఊర్ల. బస్టాండు పక్క మురికినీళ్ల మోరీ కాడ గూడ దండమే పెట్టిండు. మోరీ తీపిచ్చుడు మాత్రం మర్చిపోయిండు" అన్నాడు.

హాలంతా గొల్లుమంది, ముందు వరుస తప్ప. బస్వరాజ్ లేచాడు. ఆయన లేస్తే అనుచరులు కూర్చుంటారా? కుర్చీలెత్తి వేదిక మీదికి ఉరికారు. కుర్రాడు మైకు వదిలి వెనక్కి జరిగాడు.

"సార్, లాఠీలు తియ్యాల్నా?" అన్నాడు మా హెడ్ కానిస్టేబుల్ రాములు. హాలు నిండా ఆడవాళ్లు, పిల్లలు. లాఠీ లేస్తే తొక్కిసలాటే. బల్ల మీద మిగిలిన శాలువా తీసుకొని బస్వరాజ్ దగ్గరికి పోయాను.

"అన్నా, కళాకారుడికి శాలువా మీ చేతుల మీదుగనే కప్పాలె. కోపానికొస్తే మోరీ ముచ్చట నిజమే అనుకుంటరు. ఫొటోగ్రాఫర్ తయారున్నడు."

ఆయన ఫొటోగ్రాఫర్ వైపు చూశాడు. జుట్టు దువ్వుకున్నాడు. ఎత్తిన కుర్చీలు ఠక్కున దిగాయి. అందరికంటే ఎత్తుగా కుర్చీ లేపినవాడే ఫొటోలో కుర్రాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. సిగ్గూ శరమూ ఉంటే కదా!

శాలువా కప్పుకొని కుర్రాడు మళ్లీ మైకందుకున్నాడు. "నన్ను కొట్టనీకె వస్తున్నరనుకున్న. ఫొటోకా అన్నా!" అన్నాడు. ఈసారి వేదిక మీదివాళ్లూ నవ్వక తప్పలేదు, కెమెరా ఇంకా దించలేదు మరి. ఆ నవ్వుల్లోనే వెనక దారిన అతన్ని జీపెక్కించాను.

గుంపు మీదికొస్తే లాఠీ కంటే ముందు ఫొటోగ్రాఫర్‌ను పిలవాలని ఆ రోజు నేర్చుకున్నాను. వారం తిరగకముందే ఆ ఫొటో ఫ్లెక్సీ అయి, ఆ మోరీ పక్కనే వెలిసింది. మోరీ నేను రిటైరయ్యేదాకా పొంగుతూనే ఉంది.