నీళ్ళు రుచి చూసి బండి కడిగిన బాబాయిగారు

పోయిన బుధవారం ఉదయం బడికి బయలుదేరుతూ బండి తాళం చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను మోగింది. "మీ బాబాయిగారు పోయారమ్మా. పొద్దున్నే లేచి, సైకిలు చక్రం ఓసారి తిప్పి చూసుకుని, లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నారు. అంతే," అన్నారు పిన్నిగారు. ఆవిడ ఏడవడం లేదు. నాకూ వెంటనే ఏడుపు రాలేదు. పోయే ముందు సైకిలు చక్రం ఎందుకు తిప్పి చూశారా అని ఆలోచనలో పడ్డాను. అది నా జబ్బు. ఎవరేం చెప్పినా ముందు ప్రశ్న పుడుతుంది, తక్కినవన్నీ ఆ తరవాతే.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. విజయవాడలో మేం పదేళ్ళు అద్దెకున్న ఇంటికి ఎదురింటి సాయిబుగారు. ముప్ఫై ఏళ్ళు ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో బస్సులు కడిగి, మోకాళ్ళు అరిగాక మానేశారు. వీధి మొత్తానికీ ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. నాకు కూడా అంతే. నాలుగేళ్ళ కిందట మంగళగిరికి ఇల్లు మారాక రాకపోకలు తగ్గాయి. తగ్గించుకున్నది నేనే, ఆ మాట ఒప్పుకోవాలి.

నేను బండి కొన్నది తొంభై ఎనిమిదిలో. మంగళగిరి హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం. రోజూ రెండు బస్సులు మారలేక మెరూన్ రంగు చిన్న స్కూటరొకటి కొనుక్కున్నాను. మొదటి ఆదివారం ఎంతో ముచ్చటపడి, బక్కెట్టు బోరునీళ్ళలో గుప్పెడు బట్టల సబ్బుపొడి కలిపి, గిన్నెలు తోమే పీచుతో బండి ఒళ్ళంతా రుద్ది, ఎండలో ఆరబెట్టాను. ఆరాక చూద్దును కదా, పిండి చల్లినట్టు ఎక్కడ చూసినా తెల్లమచ్చలే.

ఎదురింటి అరుగు మీద కూర్చుని ఈ భాగోతమంతా చూస్తున్న ఆయన మెల్లగా రోడ్డు దాటి వచ్చారు. పలకరింపూ లేదు, పాడూ లేదు. మా బోరు కుళాయి తిప్పి, అరచేతిలో నాలుగు చుక్కలు పట్టి, నాలిక మీద వేసుకుని ఉమ్మేశారు.

"ఉప్పమ్మా. ఎండలో నీళ్ళయితే ఆరిపోతయ్యి గానీ ఉప్పెక్కడికి పోద్ది? రంగు మీదే కూర్చుంటది."

"బండి కడగడానికి కూడా నీళ్ళు రుచి చూస్తారా బాబాయిగారూ?"

"కూరలో ఉప్పు చూడవా? దీనికీ అంతే. అది సరే గానీ, మొహం పీచుతో తోముకుంటావేంటమ్మాయ్ నువ్వు?"

పిన్నిగారిని కేకేసి పులిసిన మజ్జిగ తెప్పించారు. పైన తేరిన తేటలో పాత గుడ్డ ముంచి, మచ్చల మీద అద్ది, కాసేపాగి మంచినీళ్ళతో కడిగేశారు. మచ్చలు పోయాయి. ఆమ్లాలూ క్షారాలూ అని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెబుతున్న దాన్ని, నాకు ఆ ఆలోచనే తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, ఈ మనిషికి ఇంకా ఏమేం తెలుసో తెలుసుకోవాలనిపించింది.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే ఆయన బడికి నేను విద్యార్థిని. బండి నీడన ఉండాలి, ఇంజను చల్లారి ఉండాలి. ముందు ఊరికే నీళ్ళు పొయ్యాలి, దుమ్ము దానంతటది జారిపోవాలి, అప్పుడు గానీ గుడ్డ తగలకూడదు. పాలిష్ పెట్టడానికి ఆయనకు కొత్త గుడ్డలు పనికిరావు. నా మంగళగిరి నూలుచీర ఒకటి చిరిగితే, ఎన్నాళ్ళు కట్టానని అడిగి మరీ తీసుకున్నారు. ఎనిమిదేళ్ళన్నాను. "అయితే మెత్తబడి ఉంటదిలే," అన్నారు. శనగబద్దంత మైనం ఆ గుడ్డకు పట్టించి బండంతా పూసి, అది ఆరి తెల్లబడేదాకా కూర్చుని టీ తాగి, అప్పుడు తుడిచేవారు. ఆ టీ తాగడం కూడా పనిలో భాగమే అనేవారు. వానాకాలంలో తడి బండి మీద పట్టా కప్పానని ఓసారి నన్ను కేకలేశారు. "తడి మీద ముసుగేస్తే తుప్పు కాపరం పెడుద్ది!"

మంచినీళ్ళ కుళాయి రాని రోజున కాలవ నీళ్ళు రెండు బిందెలు మోసుకొచ్చేవారు. కొత్తనీరు వదిలే రోజుల్లో అవి ఎర్రటి బురదగా ఉండేవి. బక్కెట్టు గోడకు చిల్లగింజ అరగదీసి, గంటసేపు కదపకుండా ఉంచితే బురద అడుక్కి దిగేది. మా అత్తగారిది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. ఆవిడ అది చూసి ముక్కున వేలేసుకున్నారు. "మా ఊళ్ళో తాగే నీళ్ళకి వేసేవాళ్ళం చిల్లగింజ. ఈయనేంటే, బండికి పడుతున్నాడూ!"

ఇంతా చేసి, ఆ కడగడంలో సగంసేపు ఆయన బండి పక్కన ఉండేవారే కాదు, కిందే ఉండేవారు. అరిగిన మోకాళ్ళు అలాగే మడిచి, గోనెపట్టా మీద ఒరిగి, చేతిని చక్రాల వెనక్కీ ఇంజను కిందకీ పోనిచ్చి ఇనుమంతా తడిమేవారు. అక్కడ గుడ్డ వాడేవారు కాదు. ఎందుకని అడిగాను.

"గుడ్డకి మురికే తెలుసుద్దమ్మా. పగులు చేతికే తెలుసుద్ది."

మరి ఆయన సైకిలు? నా కుతూహలమంతా దాని మీదే. వీధిలో బళ్ళన్నిటినీ అద్దంలా మెరిపించే మనిషి సొంత సైకిలు సీటు మీద, బార్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. కింద మాత్రం గొలుసూ, ఇరుసులూ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కూ తడిబట్ట పెట్టినట్టు ఉండేవి. "లోకమంతా పైన పటారం లోన లొటారం. మీదేమో తిరగేసి ఉంది," అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవారు. ఇంకా గుచ్చి అడిగితే, "మెరుపు చూసేవాళ్ళ కోసం. కింద శుభ్రం ఎక్కేవాళ్ళ కోసం. నా సైకిలెవరు చూస్తారు? ఎక్కేది నేనేగా," అన్నారు. అది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

మూడో ఏడు దసరాకు మావారు ఆయుధపూజ ఘనంగా చేశారు. బండి కడగడం ఆ రోజు మావారి వంతే. పైపైన నీళ్ళు చల్లి, హ్యాండిలుకు బంతిపూల దండ కట్టి, ముందు ఫోర్కు నిండా పసుపు ముద్దగా మెత్తి, బొట్లు పెట్టారు. పూజ చేసిన బండి మీద పసుపు తుడవకూడదనీ, దానంతటదే రాలిపోవాలనీ మా అత్తగారి నియమం. సెలవుల్లో బండి వాకిట్లోనే ఉంది, రెండు రోజులు ముసురు పట్టింది.

బడి తెరిచే రోజు పొద్దున. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి, నా బడి పక్కనే దానిదీ. సంచీ తగిలించుకుని బండెక్కి కూర్చుంది. నేను స్టాండు తీయబోతుంటే బాబాయిగారు గబగబా రోడ్డు దాటి వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు. ఆయన గబగబా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. ఆ పసుపు కాస్త తుడిచి చూడాల."

గుమ్మంలోంచి అత్తగారు విన్నారు. "అదేంటండీ! పూజ చేసిన పసుపు తుడిచేస్తానంటారేంటి? వారం తిరక్కుండానే!"

ఆయన మొహం ఎర్రబడింది. తను ఎవరో, తుడుస్తానన్నది ఏమిటో ఆ క్షణంలో గుర్తొచ్చిందనుకుంటాను. చెయ్యి మాత్రం తీయలేదు. "తప్పయితే క్షమించండి అక్కయ్యగారూ. నేను తుడవను. మీరెప్పుడు తుడవాలనుకుంటే అప్పుడే తుడవండి. కానీ బండి మాత్రం ఈ పూట కదలదు."

నాకు ఒళ్ళు మండింది. మొదటి రోజే ఆలస్యం, హెడ్మాస్టరుగారి చూపులు. "బాబాయిగారూ, మీ పాఠాలు ఆదివారం పెట్టుకుందాం," అనేశాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. ఆయన మా అమ్మాయిని జాగ్రత్తగా దించి నేల మీద నిలబెట్టారు. విసురుగా దాని చెయ్యి పట్టుకుని నేను బస్సుకు నడిచాను.

సాయంత్రం వచ్చేసరికి బండి దగ్గర మెకానిక్కు ఉన్నాడు. అత్తగారే పిలిపించారట. బాబాయిగారు పగలంతా అరుగు దిగకుండా బండికేసే చూస్తూ కూర్చుంటే ఆవిడకు భయమేసిందట. బాబాయిగారు నన్ను వంగి చూడమన్నారు. ఎండిన పసుపు మధ్యలో, ఫోర్కు అతుకు దగ్గర, వెంట్రుకంత సన్నటి ఎర్రగీత. అత్తగారే చెంగు తడిపి పసుపు తుడిచారు. కింద ఇనుములో అదే గీత. ఎప్పటి గతుకుదో పగులు. అందులో తుప్పు పట్టి, తడికి పసుపులోకి ఊరింది. నల్లరంగు ఇనుము మీద ఎవరికీ కనపడనిది పచ్చటి పసుపు మీద ఆయనకు కనపడింది. మెకానిక్కు చక్రాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిలు గట్టిగా మెలితిప్పాడు. పగులు నోరు తెరిచింది. "రోజూ దాటే ఆ బ్యారేజి మీద ఇరిగుంటేనా అమ్మగారూ..." అని ఆపేశాడు.

నేను మా అమ్మాయి జడ పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు లోపలికి వెళ్ళి గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చారు. మరుసటేడు దసరాకు ఆవిడే గుమ్మంలోంచి కేకేశారు. "తమ్ముడుగారూ, మీరొచ్చి కింద చూస్తే గానీ మేం పసుపు పెట్టం!"

ఆ వారం క్షమాపణ చెప్పడానికి వెళ్ళినప్పుడు, సైకిలు ప్రశ్నకు అసలు జవాబు దొరికింది. వయసులో ఉండగా ఒక పెళ్ళి బస్సు కడిగారట. షోగ్గా మెరవాలన్నారు యజమాని. టైము లేక పైభాగమే మెరిపించి, పూలదండలు కట్టి పంపేశారు. కింద బురద అలాగే ఉంది. దారిలో, కింద బరువు మోసే స్ప్రింగు పట్టీ విరిగి బస్సు పొలంలోకి ఒరిగింది. పెళ్ళివారికి దెబ్బలతో పోయింది. డ్రైవరుకి, అంటే ఆయన ప్రాణస్నేహితుడికి, కాలు పోయింది.

"మెకానిక్కుని అడిగారు, డ్రైవర్ని అడిగారు. కడిగినోణ్ణి ఎవరడుగుతారమ్మా? నన్నెవరూ ఏమీ అనలా. ఆ రోజు కింద చెయ్యి పెట్టుంటే పగులు తగిలేది." సైకిలుకేసి చూస్తూ, "అప్పణ్ణుంచీ నా బండికి మెరుపు పెట్టుకోలా," అన్నారు.

ఆ బుధవారం బడికి సెలవు పెట్టి, బ్యారేజి దాటి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన్ని తీసుకెళ్ళిపోయాక, అరుగు మీద చంకకర్ర పక్కన పెట్టుకుని ఒక పెద్దాయన మిగిలారు. కుడికాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఎవరో తెలిసిపోయింది. పక్కన కూర్చుని, "మీ సంగతి బాబాయిగారు చెప్పారండీ, ఆ పెళ్ళి బస్సు..." అన్నాను.

"పగులు తగిలేదని చెప్పుంటాడు."

"అవునండీ."

"పగుల్లేదమ్మా అందులో," అన్నారాయన. "విరిగిన ముక్క నా కళ్ళ ముందే పడుంది. విరిగినచోట తళతళా మెరుస్తా ఉంది ఇనుము. పాత పగులైతే తుప్పుండాల గదా? గతుకులో అప్పటికప్పుడు విరిగింది. వాడు బస్సు కిందే కాపరం ఉన్నా తెలిసేది కాదు. ఈ మాట వాడికి వందసార్లు చెప్పా. అవునులే అనేవాడు. తెల్లారితే మళ్ళీ ఎవరిదో బండి కింద దూరేవాడు."

తుప్పు గీత అంటే ఏమిటో బాబాయిగారికి చెప్పాల్సిన పనే లేదు. పసుపులో వెంట్రుకంత గీతను గుర్తుపట్టిన మనిషి, విరిగినచోట మెరిసే ఇనుముకు అర్థం ఏమిటో తెలియకుండా ఉంటారా? మరి ఎందుకు నమ్మలేదు? నమ్మి, నిశ్చింతగా అరుగు మీదే కూర్చుని ఉంటే, ఆ పొద్దున మా బండి ముందుకు వచ్చి నిలబడేవారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు లేరు. నాకు అక్కడ ఏడుపొచ్చింది. ఆ పెద్దాయన తన తుండు నా చేతికిచ్చారు.

వచ్చేస్తూ సైకిలు దగ్గర ఆగాను. సీటు మీద దుమ్ము ఎప్పటిలాగే ఉంది. తుడుద్దామని కొంగు తీసి, మళ్ళీ వదిలేశాను. గోడ పక్కన గొంతుక్కూర్చుని, ఆయన చేసినట్టే, ఫోర్కు వెనక్కీ పెడల్ ఇరుసు కిందకీ చెయ్యి పోనిచ్చి మెల్లగా తడిమాను. ఎక్కడా పగులు లేదు. చెయ్యి బయటికి తీసి వెలుతురులో చూసుకున్నాను. వేళ్ళకు కాస్త నూనె వాసన తప్ప మురికి అంటలేదు.