కురమోచి గారి చూపుడు వేలు

వేలు చూపించి, గట్టిగా ప్రకటించనిదే కురమోచి గారు ఒక పని ముగించరు, మరొకటి మొదలుపెట్టరు. మా పక్కింటాయన, ఒనోమిచి ఊరి మీదుగా జీవితమంతా రైలు నడిపిన మనిషి. సిగ్నలు వంక వేలు చూపి "పచ్చ, సరే!" అని కేకవేయడం మా దేశంలో రైలు డ్రైవర్లందరి పద్ధతే. ఈయన దానిని డెబ్బై దాటాక వంటింట్లోకి తెచ్చారు.

"టీ, సమాప్తం! కప్పు, కింద! పేపరు, మొదలు!"

కర్తా క్రియా లేని ఆ మాటలకు, భాష బోధించిన నా ప్రాణం విలవిల్లాడేది. వ్యాకరణం ఎత్తుకుంటే నేను ఆగను కనుక, వదిలేస్తున్నాను.

భోజనవేళ పలకరిస్తే అన్నం తినే పుల్లలు పక్కన పెట్టి, "అన్నం, ఆపు! మాస్టారు, మొదలు!" అనేవారు.

"ఏమిటండీ ఇది?" అంటే, "వయసు మీద పడ్డాక బుర్ర గబుక్కున పట్టాలు మారదు మాస్టారూ. మధ్యలో స్టేషనుండాలి," అనేవారు.

"నేను అరవకపోతే అలుగుతారండీ. అందుకే నేనూ అరుస్తున్నా," అని భార్య ఫుమియే గారు నవ్వేవారు.

ఒక సాయంత్రం ఆవిడ వీధి స్నానశాలకు వెళ్లినప్పుడు నేను వాళ్ల వంటింటి కిటికీలోంచి తొంగిచూశాను. కురమోచి గారు ముల్లంగి తరుగుతూ, రేడియోలో సుమో కుస్తీ వింటూ, భుజాన ఫోను నొక్కిపెట్టి కూతురు సయోకోతో పోట్లాడుతున్నారు. మూడూ ఏకకాలంలో!

"స్టేషన్లేవీ?" అన్నాను.

ఆయన ఫోను పెట్టేసి గొంతు తగ్గించారు. "ఆమధ్య ఫోను మోగితే ఫుమియే నూనె పొయ్యి మీదే వదిలేసింది. మంట లేచింది. ఇంకోసారైతే పొయ్యి పీకించేస్తానంటోంది అమ్మాయి. వంట లేకపోతే ఫుమియే ఏమైపోతుంది? 'నీకు మతిమరుపు, ఇలా చెయ్యి' అంటే చిన్నబుచ్చుకుంటుంది. నేను చాదస్తుణ్ణయితే నాకోసం చేస్తుంది."

ఆదివారం సయోకో వచ్చింది. నన్నూ భోజనానికి పిలిచారు. ఫుమియే గారు రొయ్యలు వేయిస్తుండగా ముందు గదిలో ఫోను మోగింది. కురమోచి గారూ నేనూ పొయ్యి వంక చూశాం. ఆవిడ అడుగు ముందుకు వేసి, ఆగి, వెనక్కి తిరిగి వేలు చూపారు.

"పొయ్యి, బంద్! ఫోను, మొదలు! హలో... సయోకో? గుమ్మంలో నిలబడి ఫోనేమిటే?"

సయోకో సెల్లు జేబులో దోపుకుని నవ్వింది. "ఊరికేనమ్మా. పొయ్యి బాగుంది. ఉండనీ."

కురమోచి గారి గుండెలమీది బరువు దిగినట్టుంది. నోట్లో రొయ్య నములుతూ, టీ పోస్తూ, పేపరు తిప్పుతూ నాకు కుస్తీ ఫలితాలు చెప్పడం మొదలుపెట్టారు.

"ఏమండీ!" వంటింట్లోంచి ఫుమియే గారి కేక. "ఒక్కొక్కటి!"

ఆయన అన్నీ దించి, బుద్ధిగా వేలెత్తారు.

"తప్పు, సమాప్తం! రొయ్య, మొదలు!"