మా అన్న తాగలేదు

మొన్నొక ఆదివారం పొద్దున మంచిర్యాలలో మా మేనల్లుడి ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు, వాడి కొడుకు సెల్‌ఫోన్ నా ముక్కు ముందు పెట్టి ఒక వీడియో చూపించాడు. ఎక్కడిదో సముద్రం. ఒక మనిషి వీపున గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం కరచుకుని, తాడు వెంట కిందికి, ఇంకా కిందికి, వెలుతురు నీలమై ఆ నీలం నలుపయ్యేదాకా దిగిపోయాడు. తిరిగి పైకి వచ్చాక మిత్రులంతా చప్పట్లు కొట్టారు. అంత లోతుకు మామూలు గాలితో దిగకూడదట, దిగితే ఆ గాలే మనిషికి మత్తెక్కిస్తుందట, తాగినవాడికి మల్లే తనేం చేస్తున్నాడో తనకే తెలియదట, ఆ హాయి కోసమే కొందరు మళ్లీ మళ్లీ దిగుతారట, కొందరు తిరిగి రారట. ఆ పిల్లవాడు ఇదంతా క్రికెట్ సంగతి చెప్పినంత హుషారుగా చెబుతుంటే నేను చాయ్ కప్పు కింద పెట్టేశాను. నాకు వచ్చింది ఏడుపు కాదు, ఒళ్లు మండిపోయేంత కోపం. ఎందుకంటే ఆ పిల్లవాడి తాతే, అంటే మా అన్న, సరిగ్గా అలాగే పోయాడు, ఆయనకు మాత్రం చప్పట్లు కొట్టలేదు, తాగుబోతు అని పేరు పెట్టారు.

నా వయసువాళ్లకు బొగ్గుబాయిల కాలనీలు ఎట్లా ఉండేవో చెప్పనక్కరలేదు. డెబ్బైల చివరి రోజులు. మాది మంథని పక్క పల్లె, అన్న గోదావరిలో ఈత నేర్చినవాడు, బాయిలో పనికి కుదిరాక రెస్క్యూలో చేరాడు. విషవాయువు నిండినచోటికి గాలి సిలిండర్ తగిలించుకుని పోయి మనుషులను మోసుకొచ్చే పని అది. ఊపిరితో ఆటలాడే పనికి తాగినవాడు పనికిరాడని ఆయన పట్టుదల, అందుకే దసరా నాడు బావలూ బామ్మర్దులూ ఎంత బతిమాలినా కల్లు ముట్టేవాడు కాదు. వదిన ఆ మాట చెప్పుకుని మురిసేది. నేనప్పుడు పదో తరగతి అయిపోయి, చంటిపిల్లవాడున్న వదినకు సాయంగా వాళ్ల క్వార్టర్‌లోనే ఉండేదాన్ని. ఆ క్వార్టర్ ముందు వదిన పెంచిన బంతిపూలు, సాయంత్రాలు కొళాయి దగ్గర ఆడవాళ్ల కొట్లాటలు, షిఫ్టు మారినప్పుడు సైరన్ కూత వినిపిస్తే అన్నం పొయ్యి మీద పెట్టడం, ఇవన్నీ తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, కానీ నేను చెప్పబోయేది అది కాదు.

ఆ ఏడు వానలకు ఒక పాత బాయి నిండా నీళ్లు చేరాయి. బాయి అంటే పొలంలోది కాదు, మూడు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా తల తేలనంత లోతైన గని. నీళ్లు తోడే పెద్ద మోటారు అడుగునే మునిగిపోయింది. పైనుంచి వేరే మోటార్లు పెట్టి మెల్లగా తోడవచ్చు, కానీ దానికి నెలలు పడుతుందని పెద్దసార్లకు తొందర. ఒక కాంట్రాక్టరు వచ్చి, మనిషిని దింపి మోటారుకు గొలుసు కొక్కెం తగిలిస్తే క్రేనుతో లాగేయవచ్చన్నాడు. సముద్రపు రేవుల్లో పనిచేసిన ఒకతను సిలిండర్లు, ముసుగులు తెచ్చాడు. దిగేది మాత్రం అతను కాదు. నీళ్లూ తెలిసినవాడు, సిలిండరూ తెలిసినవాడు కావాలన్నారు, అందరి వేళ్లూ మా అన్న వైపు తిరిగాయి.

ఆ రేవు మనిషి ఒకనాడు మా ఇంట్లోనే భోజనం చేశాడు. నేనే వడ్డించాను, కాబట్టి అతనన్న మాట నా చెవులారా విన్నాను. “బాగా లోతుకు పోయాక కాస్త మత్తుగా ఉంటుందండీ, ఊరికే నవ్వొస్తుంది, ఏం భయపడకండి” అని, నవ్వుతూ ఇంకాస్త పప్పు వేయించుకున్నాడు. అది ప్రాణాలు తీసే మత్తని చెప్పలేదు. అంత లోతు ఆ గాలికి తగదని చెప్పలేదు. తెలియక చెప్పలేదో, పని పోతుందని మింగాడో, ఈనాటికీ తేల్చుకోలేను, క్షమించనూ లేను.

మొదట సగం లోతుకు దిగి వచ్చాడు అన్న. మర్నాడు అడుగు దాకా పోయి మోటారును చేత్తో తాకి వచ్చాడు. ఆ సాయంత్రం గడపలో కూర్చుని ఆయన చెప్పిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పసిపిల్లవాడి ముఖం అయిపోయింది ఆయనది. “చెల్లె, కిందికి పోంగ పోంగ భయం పైన్నే ఉండిపోతది. గా చీకటి చీకటి లెక్క కొట్టది. చిన్నప్పుడు అవ్వ పక్కల పండుకున్నట్టు గంత నిమ్మలం. కొక్కెం సంగతే యాది మర్చిన, చూడు” అని పకపకా నవ్వాడు. వదిన తలకాయ ఊపి, “పెండ్లికి పోయొచ్చినట్టు చెప్తుండు, జర పైలం” అంది. మేమూ నవ్వాము. భయం పుట్టించే మాట అది, మాకు ముచ్చటగా తోచింది. గంజిలో మామిడికాయ తొక్కు కలుపుకుంటూ, మళ్లీ ఎప్పుడు దిగుతానా అని ఉందని ఆయనే అన్నాడు. అందుకే చెబుతున్నాను, ఆ లోతుకు భయమొక్కటే కాదు, ప్రేమ కూడా ఉంటుంది, పిలుస్తుంది. ఆ పిలుపు ఆయన మతిలోంచి వచ్చింది కాదు, ఆయన పీల్చిన గాలిలోంచి వచ్చింది.

మూడోసారి దిగే ముందు బాయి అంచున మైసమ్మకు సాక పోశారు. మన వైపు ఏ గండమైన పని మొదలుపెట్టినా అమ్మవారి ముందు కల్లు ధారపోయడం, దిగేవాడి చేతికి మోదుగాకు దొప్పలో కొంచెం ఇవ్వడం ఆనవాయితీ కదా. అన్న ఆ దొప్ప కళ్లకద్దుకుని, పెదవులకు తాకించి, మిగతాదంతా నేల మీద పోసేశాడు. వందమంది చూశారు. దిగాడు. చాలాసేపటికి నడుముకు కట్టిన తాడు లాగి చూస్తే బరువు తగిలింది, కదలలేదు. మోటారు దొరికిందని పైన ఈలలు వేశారట. తాడు ఎంత లాగినా మనిషి రాలేదు.

తరువాత ఏం చేశారో తెలుసా? ముందే చేయవలసిన పని చేశారు. పైన మోటార్లు పెట్టి నెలల తరబడి నీళ్లు తోడారు. అడుగు తేలాక చూస్తే అన్న నడుము తాడు విప్పుకుని, ఆ తాడును మోటారు పైనున్న ఇనుప చెవికి కట్టి ఉంచాడు. రెస్క్యూలో నేర్చిన ముడి, పొందికగా, బిగుతుగా. గొలుసు కొక్కెం పక్కనే ఖాళీగా వేలాడుతోంది. ఆయన పని మరచిపోలేదు. మోటారుకు ఏదో కట్టాలని గుర్తుంది, ఏది కట్టాలన్నదే గాలి మరపించింది. ఆ మోటారును ఆఖరుకు తుప్పు పట్టిందని తుక్కులో వేశారు.

విచారణలో ఎవరూ అబద్ధమాడలేదు, అదే నన్ను కాల్చేది. దొప్ప పట్టుకోవడం చూశామన్నారు, నిజమే. ముందురోజు పైకి వచ్చి ఊరికే నవ్వాడన్నారు, నిజమే. తెలివిలో ఉన్నవాడెవడైనా తన తాడు తానే విప్పుకుంటాడా అని పెద్దసారు అడిగాడు. రేవు మనిషి అప్పటికే మూటాముల్లె సర్దుకుని పోయాడు. అతను చెప్పిన మాట నేను చెబుతానంటే, ఆడపిల్లను ఆఫీసుకు ఎందుకు తెచ్చావని పల్లె నుంచి వచ్చిన మా బాపును, అంటే నాన్నను, కసిరారు. బాపే తలపాగా తీసి చేతిలో పట్టుకుని, లోతున గాలికే మత్తెక్కుతుందని రేవాయన చెప్పిండని అన్నాడు. గదంతా గొల్లుమంది. “గాలి పీలిస్తె కైపెక్కుతదా పెద్దమనిషీ? గట్లయితే గీ కల్లు దుకాణాలెందుకు?” అన్నాడొక గుమాస్తా. ఆ నవ్వు బాపును చచ్చేదాకా వదలలేదు. తాగి దిగినందువల్ల చనిపోయాడని తేల్చారు, వదినకు రావలసిన ఉద్యోగం రాలేదు. క్వార్టర్ ఖాళీ చేయించారు. వదిన బీడీలు చుట్టి కొడుకును పెంచింది, బడిలో తాగుబోతు కొడుకా అని పిలిస్తే వాడు తలవంచుకుని ఇంటికి వచ్చేవాడు. ఆమె మాత్రం ఒక్కరిమీదే అలిగింది. మైసమ్మ దొప్ప వల్లే ఇంత నింద వచ్చిందని ఆషాఢంలో ఊరంతా బోనమెత్తినా తను గడప దాటేది కాదు, సాక పోసేది కాదు.

ఆ ఆదివారం ఫోన్ పట్టుకుని వదిన మంచం దగ్గరకు పోయాను. కళ్లు సరిగా ఆనవు ఆమెకు. లోతున గాలే మనిషిని తాగినవాడిని చేస్తుందని వీడియోలో ఉన్నదంతా మెల్లగా విడమరచి చెప్పాను. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని తడిమింది. తరువాత, “అయితె నవ్వుకుంటనే పోయిండా?” అని అడిగింది. అవునన్నాను. “తప్పు గాలిదని అప్పుడే ఎవరన్న నమ్మేటట్టు చెప్తే అమ్మ మీద గిన్నేండ్లు అలుగకపోదును గద” అని, వచ్చే ఆషాఢానికి కల్లు తెప్పించమని మనుమడికి చెప్పింది.

ఇప్పుడు ఆ బాయి లేదు, మట్టితో పూడ్చేశారు, పైన తుమ్మచెట్లు మొలిచాయి. కాలం ఎంత మారిందంటే, ఒకప్పుడు ఒక మనిషి పరువు తీసిన మత్తు ఇప్పుడు సరదాగా దిగేవాళ్లు గొప్పగా చెప్పుకునే సంగతి అయింది, ఇంటింటా పిల్లలు అరచేతిలో చూస్తున్నారు. నవ్విన గుమాస్తా లేడు, కసిరిన సార్లు లేరు, ఎవరిని నిలదీయాలో తెలియని కోపం ఒక్కటి నాకు మిగిలింది. వదిన అమ్మవారితో రాజీ పడింది. నేను ఎవరితోనూ పడలేదు. మైసమ్మకు ఈ ఏడు ఆమె చేతి సాక ముడుతుంది, మా అన్న పేరు పక్కన మాత్రం తాగి చచ్చాడన్న మాట ఆ ఆఫీసు కాగితాల్లో అట్లాగే ఉంది.