తొమ్మిది ఫ్రేముల్లో ఒకే నవ్వు

మా రెండు షాపులకీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ అడ్డు మాత్రమే. ఇటు నేను ఫ్రేములు కడతాను, అటు అక్క పాత ఫోటోలు బాగుచేస్తుంది. అక్క అంటే తోడబుట్టింది కాదు, పన్నెండేళ్ళు గోడ పంచుకుంటే ఆ మాత్రం వరస కలుస్తుంది. చెదలు తిన్నవి, నీళ్ళలో నానినవి, కోపంలో నాలుగు ముక్కలు చేసి మళ్ళీ ఏడుస్తూ ఏరుకున్నవి, అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, మచ్చలన్నీ తుడిచి, పోయిన కన్నో చెవో మళ్ళీ గీసి, ప్రింట్ తీసి నా చేతికిస్తుంది. అద్దం, చెక్క నా వంతు.

పదహారేళ్ళప్పుడు ఒక స్టూడియోలో ఫోటోలు కడగడానికి చేరిందట. కెమెరాలు ఫోన్లలోకి దూరాక ఆ స్టూడియో మూతపడింది. యజమాని ఇచ్చిన పాత స్కానర్ చంకన పెట్టుకుని వచ్చి ఈ షట్టర్ అద్దెకు తీసుకుంది. మొహం చదవడంలో ఆవిడని మించినవాళ్ళని నేను చూడలేదు. నేను అద్దం కొలుచుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఏం తమ్ముడూ, మీ ఆవిడతో గొడవ ఇంకా తెగలేదా? ఎడమ కనుబొమ్మ పైనే ఉంది" అనేది. ప్రతిసారీ నిజమే అయ్యేది, అదీ నా ఖర్మ.

ఇంట్లో అక్క, పదేళ్ళ కూతురు, ఆ పిల్లని కనిపెట్టుకుని ఉండే పిన్ని. అంతే.

అన్నీ వచ్చిన ఆ మనిషికి కాదనడం ఒక్కటే రాదు. వచ్చినవాడు పోయిన తల్లిని కవర్లో పెట్టుకుని వస్తాడు, "ఎల్లుండికి కావాలమ్మా" అంటాడు. ఎలా కాదంటుంది? రోజుకి రెండు మొహాలు చేసే మనిషి నాలుగు చేసింది, నాలుగు ఏడయ్యాయి. ముందు ఆదివారం పోయింది, తర్వాత మధ్యాహ్నం భోజనం పోయింది. సొంత పనిలో యజమానీ మనమే, కూలీ మనమే. ఆ యజమానికి జాలి ఉండదు, ఆ కూలీకి నోరుండదు. "కాస్త ఊపిరి పీల్చుకో అక్కా" అంటే, "పీల్చుకునేలోపు వెనక వీధి వాడి దగ్గరికి పోతారు. ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రారు తమ్ముడూ" అనేది. అన్నది గిరాకీ గురించే. మా వ్యాపారంలో మాటలు అలాగే ఉంటాయి.

ఇక అసలు సంగతి. ముందు చూసింది నేనే.

ఒకరోజు తొమ్మిది ఫ్రేములు కట్టి, జిగురు ఆరడానికి గోడ వారగా నిలబెట్టాను. ముసలాయన ఒకడు, పెళ్ళికూతురు ఒకతి, మీసాలు తిప్పిన జవాను, ఇలా తొమ్మిది మంది. టీ తాగుతూ ఊరికే అటు చూశాను. తొమ్మిది మందికీ ఒకే నవ్వు. ఎడమ పక్క పెదవి చివర చిన్నగా పైకి లేచి, కుడి పక్క బిగుసుకుని ఉంది. జవానుకీ అదే, పెళ్ళికూతురికీ అదే. ఆ నవ్వు ఎక్కడో చూశానే అనుకుంటుండగా అక్క గుమ్మంలోకి వచ్చి, "ఆరాయా?" అంది. ఎడమ పెదవి చివర పైకి లేచింది.

చెప్పలేదు. ఆవిడ బాధపడుతుందని ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆవిడ ఏడు మొహాలు చేస్తే నాకు ఏడు ఫ్రేములు. ఆ కొమ్మ మీదే నేనూ కూర్చున్నాను మరి.

ఆ తర్వాత మూడు వారాలకి డ్రైవరు గారు వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. భార్య పోయి ఏడాది. ఆవిడది ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫోటో, గుర్తింపు కార్డుకి తీయించిన చిన్నది. అన్నేళ్ళూ యూనిఫాం చొక్కా జేబులో పెట్టుకు తిరిగారు. చెమటకి ముక్కు కింద నుంచి గడ్డం దాకా తెల్లగా చెరిగిపోయింది. కళ్ళు మాత్రం మిగిలాయి, మంచి కళ్ళు.

అక్క రెండు రోజుల్లో పెదవులు గీసి ఇచ్చింది. ఆయన నా బల్ల మీదే ఆ ఫ్రేము పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎక్కడో కొంచెం తేడాగా ఉంది అమ్మాయీ."

అప్పటికి అక్క కోసం ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. తల కూడా ఎత్తకుండా, "నాలుగు రోజులు గోడకి పెట్టుకోండి డ్రైవరు గారూ, అలవాటైపోతుంది" అంది.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను కాగితం చుట్టి ఇచ్చాను, ఆ పని మాత్రం శుభ్రంగా చేశాను.

పన్నెండో రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చారు. ఫ్రేము గుండెకి ఆనించి పట్టుకున్నారు. కోపంగా వస్తే బాగుండేది, కోపాన్ని ఎలాగో పడతాం. ఆయన భయపడి వచ్చారు.

"నువ్వన్నట్టే అలవాటైపోయింది అమ్మాయీ. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ నవ్వే కనిపిస్తోంది. ఆవిడది గుర్తు రావడం లేదు. మూడు రోజులుగా చూస్తున్నాను, రావడం లేదు. ఎలాగైనా వెనక్కి ఇప్పించు."

అక్క ఫ్రేము తీసుకుంది. వెలుగులో చూద్దామని నా షాపులోకి వచ్చింది. ఆ రోజు గోడ వారగా ఆరు ఫ్రేములు ఆరుతున్నాయి. చేతిలోదాన్ని వాటి పక్కన నిలబెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ కళ్ళు ఒక్కో ఫ్రేము మీదుగా జరిగాయి. చివరిదాకా వచ్చాక వేలితో తన పెదవి తడుముకుంది.

"ఎప్పట్నుంచి?" అంది, నా వైపు చూడకుండా.

"నెల పైనే అయింది అక్కా."

"నెల నుంచి చూస్తూ ఊరుకున్నావా?"

తిట్టి ఉంటే నిలబడేవాణ్ణి. ఆవిడ నా స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చూడటం లేదు తమ్ముడూ. గీస్తున్నాను కానీ చూడటం లేదు. ఆ చూపు ఇక తిరిగి రాకపోతే నాకు ఇంకేం చేతకాదు."

ఆ మధ్యాహ్నం ఇచ్చేసిన ఫోటోల వాళ్ళకి ఫోన్లు చేసింది. పొరపాటు జరిగింది, తెచ్చివ్వండి, మళ్ళీ చేస్తాను అని. ఒకాయన తెస్తానన్నాడు. మిగతావాళ్ళు, "అబ్బే, అచ్చం మా అమ్మేనండీ" అన్నారు, "మా అన్నయ్య అలాగే నవ్వేవాడు" అన్నారు. మెచ్చుకుంటుంటే అక్క మొహం పాలిపోయింది. ఎన్ని ఇళ్ళ గోడల మీద తన నవ్వు వేలాడుతోందో, ఎంతమంది దాన్నే తమవాళ్ళ నవ్వుగా గుర్తుపెట్టుకుంటున్నారో! ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

మర్నాటి నుంచి షట్టర్ మూసింది. పదిహేను రోజులు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఆకులైనా పట్టుకోవాలి కదా. వచ్చినవాళ్ళకి నేనే చెప్పి పంపాను. కొందరు వెనక వీధికి పోయారు. పోతుంటే నాకూ గుండె పీచుపీచుమంది.

సెలవు తీసుకున్న మనిషి ఇంట్లో పడి నిద్రపోతుందనుకుంటాం. అక్క మొదటి మూడు రోజులు నా షాపులోనే, ఆ స్టూలు మీదే కూర్చుంది. పని లేకపోతే చేతులకి ఏం చెప్పాలో తెలియడం లేదంది. ఉలిక్కిపడి లేచి ప్లైవుడ్ మీద చెయ్యి వేసేది, మళ్ళీ కూర్చునేది. నాలుగో రోజు నుంచి ఎదురుగా ఉన్న బస్ స్టాపు చూడటం మొదలుపెట్టింది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, టికెట్ కోసం వెతుక్కునేవాళ్ళు. ఎనిమిదో రోజున ఎవరో ముసలమ్మ దిగి వెళ్తుంటే, "ఆవిడకి కింది పళ్ళు లేవు, పెదవి లోపలికి మడుచుకుంది చూడు" అంది. పదో రోజున నా వైపు తిరిగి, "నీకు అప్పు ఎవరిచ్చారు, మొహం అలా వెలిగిపోతోంది" అంది. నిజంగానే మా బావమరిది ఇచ్చాడు. ఆ రోజు సంతోషంతో రెండు అద్దాలు తప్పుగా కోశాను.

తలుపు తీసిన రోజు మొదట వచ్చినతను రేపటికే కావాలన్నాడు. అక్క బల్ల అంచు పట్టుకుంది. "నెల పడుతుంది. రోజుకి రెండే చేస్తాను" అంది. అతను విసుక్కుని వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. వెనక్కి పిలవాలని నా నాలుక దురద పెట్టింది, కానీ పిలవలేదు.

ఆ రెండింటిలో మొదటిది డ్రైవరు గారిది. కళ్ళ మీద గీతలు తుడిచింది, జుట్టు మీద మచ్చ తీసేసింది. తను గీసిన పెదవులు మొత్తం చెరిపేసి, ముక్కు కింద తెలుపు తెలుపుగానే వదిలేసింది. మూడింటికి ఆయన వచ్చారు.

"నేను చూడనిది గీయలేను డ్రైవరు గారూ. గీస్తే మళ్ళీ నా నవ్వే వస్తుంది. ఆ మిగతాది మీరే గుర్తు తెచ్చుకోవాలి. పైన పెదవి ఎలా ఉండేది? సన్నగానా, లావుగానా? ఎంత చిన్న సంగతైనా చెప్పండి, నేను రాసుకుంటాను."

ఆయన తెల్లటి చోటు మీద బొటనవేలు పెట్టి కూర్చున్నారు. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నారు.

"నీ మీద తప్పు మోపి వెళ్ళాను అమ్మాయీ. పదిహేను రోజులుగా ఆలోచిస్తున్నాను. నీ నవ్వు చెరిపేసినా అక్కడ ఏమీ లేదు. అన్నేళ్ళూ డబుల్ డ్యూటీలే చేశాను. తెల్లారకుండా వెళ్ళి, ఆవిడ పడుకున్నాక వచ్చేవాణ్ణి. ఫోటో జేబులో ఉందిలే అనుకున్నాను. అసలు నేనెప్పుడూ చూడలేదేమో."

ఆయన ఫ్రేము తీసుకుని వెళ్ళిపోయాక అక్క కంప్యూటర్ ఆపేసింది. రెండో మొహం ఇంకా మొదలే పెట్టలేదు. షట్టర్ దించి, తాళం వేయబోయి ఆగింది.

"మా పిల్ల పైపెదవి ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను తమ్ముడూ" అంది. "భయంగా ఉంది."

బడి వదిలే వేళ దాటిపోలేదు. తాళం నా చేతిలో పెట్టి, బస్సు కోసం కూడా ఆగకుండా బడి వైపు నడిచి వెళ్ళిపోయింది.